శివారు నీళ్లు

ఉమ్రాన్ దాటాక ఖర్జూరపు తోటలు పలచబడతాయి.
అక్కణ్ణించి మురుగు కాలవే దారి.
దాని గట్టు మీద, కొడవలి భుజానేసుకుని నేను,
నాకంటే ముందు నా నీడ,
తెల్లారి అయిదింటికి.

మురుగంటే కంపు కాదు.
వేల చెట్లు తాగి వదిలిన ఎంగిలి నీరు.
నాలిక మీద వేసుకుంటే ఉప్పు, చివర్న కాస్త చేదు.
కిందికి పోయేకొద్దీ జమ్ము, కిక్కిస,
మనిషెత్తు, మనిషిన్నరెత్తు,
గాలికి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
లెక్క తేలని గుమాస్తాల్లా రాత్రంతా గొణుగుతాయి.

ఆ జమ్ము కొయ్యడం నా పని.
కోస్తేనే నీరు కదులుతుంది.
కోసేది నేను, కోతలు మాత్రం నా జీతంలో.

అబూ జవాద్ దాన్ని కసబ్ అంటాడు.
జేసీబీ తోలే షమ్సుల్, సిల్హెట్ నీళ్లలో పుట్టినవాడు,
నల్ అంటాడు.
మాది కొల్లేటి అంచు. నాకెవరూ పేరు చెప్పక్కర్లేదు.
ఏ పేరుతో పిలిచినా ఆకు అంచు
చూపుడు వేలి రెండో కణుపు మీదే తెగుతుంది.

వచ్చిన ఏడాది, నిప్పులు చెరిగే జులైలో,
అబూ జవాద్ మడి చూసి గట్టు మీద చతికిలబడ్డాను.
వరి!
ఖర్జూరం చెట్ల నడుమ, మోకాలంత నీళ్లలో,
ఎర్రబియ్యం కాసే వరి.
పక్కన నారు ముదిరిపోతోంది.
చెబుదామంటే నాకప్పటికి నాలుగే అరబ్బీ మాటలు,
నాలుగూ యజమానికి చెప్పేవి.
చెప్పులు విడిచి దిగాను.
ఓ మొక్క పీకి, కణుపు చూపించి, తల అడ్డంగా ఊపాను.
ఆయన నారు వైపు చూళ్లేదు.
నా కాళ్ల వైపు చూశాడు,
బురదలోకి మడమ కంటే ముందు వేళ్లు దిగిన కాళ్ల వైపు.
"ఫల్లాహ్" అన్నాడు. రైతు.
నా కార్డు మీద లేబర్ అని ఉంది.
కాదు, చేపలోణ్ణి అనబోయి
ఊరుకున్నాను.

కాలవ చివర చెరువు.
అస్ఫర్, అంటే పసుపు పచ్చ.
పొద్దువాలే వేళ ఇసక దిబ్బలు నీళ్లలోకి దిగాక
ఆ పేరు ఎందుకో ఎవర్నీ అడగబుద్ధి కాదు.
చలికాలం నామాలకోళ్లు దిగుతాయి,
నల్లటి ఒళ్లు, నుదుటిన తెల్లటి నామం.
మా కొల్లేట్లో చూసినవేనా? ఏమో.
నీళ్ల మీద పరిగెత్తి పరిగెత్తి లేచే ఆ గాభరా మాత్రం అదే.
పిల్లిగద్ద జమ్ము మీద తక్కువెత్తులో,
జారిపోయిన ఉంగరం వెతుక్కుంటున్నట్టు.

మా వూళ్లో శివారు అంటే తిట్టు కింద లెక్క.
పైవాళ్లు తడుపుకుని తూము మూశాక మిగిలితే మాకు.
నాట్లకి రాని నీరు
కోతలకి వస్తుంది, ఇళ్లలోకి కూడా.
ఆ తూము దగ్గరే మా చిన్నాన్న పెద్దిరాజు తల పగిలింది.
ఇక్కడ అందరూ వదిలేసిందంతా పోగై
రాజహంసలు నిలబడేంత చెరువయింది.
శివారుకి ఇంత మర్యాద నేనెక్కడా చూళ్లేదు.

పంపులు పెడతారట,
ఈ నీళ్లు శుభ్రం చేసి మళ్లీ తోటలకి తోడతారట.
అబూ జవాద్ సంబరపడుతున్నాడు.
నేనూ తలూపాను. మడికి మంచిదే.
చెరువు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఏప్రిల్‌లో కొడవలి వేస్తుంటే
ఎండు జమ్ము మధ్యన గూడు, నీటికోడిది.
చుక్కల గుడ్లు ఆరు, ఇంకా వెచ్చగా.
చెయ్యెత్తాను. షమ్సుల్ ఇంజిను ఆపాడు.
కిందికి దిగి చూసి, ఏమీ అనకుండా
బకెట్ పక్కకి తిప్పుకుని ఎక్కాడు.
కాలవ నడుమ ఆ ఒక్క దుబ్బు మిగిలింది,
గుండు గీసినవాడి పిలకలా.
నీరు దాని చుట్టూ తిరిగి పోయింది.
ఫోర్‌మన్ వచ్చి ఇదేంటన్నాడు.
కింద రాయుందన్నాడు షమ్సుల్.

మూడు వారాలకి పిల్లలు నీళ్లలో దిగాయి,
మసిగుడ్డ పీలికల్లా, తల్లి వెనకాల.
నాలుగు.
గూట్లో ఇంకా రెండు గుడ్లున్నాయి, చల్లగా.
షమ్సుల్ ఎన్నని అడిగితే
అన్నీ అన్నాను.